ద్వారకలో నేల పైకి లేస్తోందంటే ప్రమాదం తప్పినట్టేనా? మహానగరంలో నేల కుంగుబాటును ఎలా కొలుస్తారు?

ప్రశ్న: కొల్లేటి గాలి (ద్వారక, న్యూఢిల్లీ)

నమస్కారం. మాది ఏలూరు దగ్గర ఒక పల్లె. ఉద్యోగరీత్యా ఢిల్లీ వచ్చి, పద్దెనిమిదేళ్లుగా ద్వారకలోని ఒక సహకార గృహ సముదాయంలో ఉంటున్నాను. ఈ ఏడాది మా నిర్వహణ కమిటీలో నీటికి సంబంధించిన బాధ్యత నాకు అప్పగించారు. ఆ బాధ్యత వల్లనే ఈ ప్రశ్న అడుగుతున్నాను. తెలిసినవారెవరైనా ఓపికగా వివరిస్తే నూట ఇరవై కుటుంబాలకు మేలు చేసినవారవుతారు.

మేము వచ్చిన కొత్తలో కుళాయి నీరు చాలక సముదాయమంతా బోరుబావి మీదే ఆధారపడింది. తరువాత సరఫరా మెరుగుపడింది, బోర్ల మీద ఆంక్షలు వచ్చాయి, మా బోరు మూతపడింది, వాన నీటి కోసం ఇంకుడు గుంతలు తవ్వించాము. అయితే రెండు వేసవులుగా ట్యాంకర్ల ఖర్చు భరించలేనంతగా పెరగడంతో, అనుమతి తెచ్చుకుని పాత బోరును మళ్లీ తెరిపించాలని కొందరు సభ్యులు పట్టుబడుతున్నారు. సరిగ్గా ఇదే సమయంలో ప్రహరీ గోడలోనూ, వెనుక బ్లాకు మెట్ల దగ్గరా పగుళ్లు కనిపించాయి. దానితో సమావేశాల్లో భయం ఒకవైపు, నీటి అవసరం ఒకవైపు నిలిచి, చర్చ ముందుకు సాగడం లేదు.

నేను చదివినంతలో, 2022లో వెలువడిన ఒక పరిశోధన 2014 నుంచి 2020 వరకు తీసిన ఉపగ్రహ రాడార్ చిత్రాలను విశ్లేషించి, విమానాశ్రయం పక్కనున్న కపాషేరాలో నేల ఏడాదికి 11 సెంటీమీటర్లకు పైగా, ఫరీదాబాద్‌లో 3 సెంటీమీటర్ల మేర కుంగుతోందని తేల్చింది. ద్వారకలో మాత్రం మొదట కుంగిన నేల తరువాత పైకి లేవడం మొదలుపెట్టిందని, దానికి భూగర్భజలాల వాడకంపై విధించిన కట్టుబాట్లు, వాన నీటి సంరక్షణ కారణం కావచ్చునని ఆ పరిశోధకులు రాశారు. 2025లో వచ్చిన మరో అధ్యయనం ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, బెంగళూరు నగరాల్లో కలిపి 878 చదరపు కిలోమీటర్ల నేల కుంగుతోందని, ఢిల్లీలో గరిష్ఠ వేగం ఏడాదికి 51 మిల్లీమీటర్లని చెబుతోంది.

నా సందేహాలు ఇవి. అంత ఎత్తున తిరిగే ఉపగ్రహం మిల్లీమీటర్ల లెక్క ఎలా చెప్పగలుగుతుంది? ఒకే నగరానికి రెండు అధ్యయనాలు రెండు అంకెలు ఇచ్చినప్పుడు దేన్ని నమ్మాలి? ద్వారకలో నేల పైకి లేస్తోందంటే ఇక బోరు తెరిచినా ఫరవాలేదని మా సభ్యులు చేస్తున్న వాదన సరైనదేనా? మా గోడల పగుళ్లకూ దీనికీ సంబంధం ఉందో లేదో మేమే కొలిచి తెలుసుకునే దారి ఉందా? చివరిగా, హైదరాబాద్‌లో మా తమ్ముడి ఇంట్లో వెయ్యి అడుగుల బోరు ఎండిపోయినా అక్కడ నేల కుంగిందని ఎవరూ అనరు. ఇక్కడే ఎందుకు ఇలా జరుగుతోంది?


జవాబు: రాడార్ నీడ (హైదరాబాద్)

కొల్లేటి గాలి గారూ, మీ ప్రశ్నల్లో కొలతకు సంబంధించిన భాగానికి నేను జవాబు చెప్పగలను. పదేళ్లుగా రాడార్ ఉపగ్రహ చిత్రాలతోనే నా పని.

ఇలాంటి అధ్యయనాలకు ఎక్కువగా ఆధారమవుతున్నవి ఐరోపా అంతరిక్ష సంస్థ వారి సెంటినెల్-1 ఉపగ్రహాలు. వాటిలో మొదటిది 2014 ఏప్రిల్‌లో కక్ష్యలోకి వెళ్లింది. సుమారు 700 కిలోమీటర్ల ఎత్తు నుంచి అది నేల మీదికి ఏటవాలుగా రాడార్ తరంగాలను పంపి, తిరిగి వచ్చినవాటిని నమోదు చేస్తుంది. పన్నెండు రోజులకొకసారి అదే దారిలో అదే చోటికి వస్తుంది. ఆ తరంగం పొడవు దాదాపు 5.5 సెంటీమీటర్లు. తిరిగివచ్చిన తరంగం తన హెచ్చుతగ్గుల్లో ఏ స్థానంలో ఉందో, అంటే దాని దశ ఏమిటో, రెండు తేదీల చిత్రాల్లో పోల్చి చూస్తాము. తరంగం వెళ్లి రావాలి కనుక, నేల ఉపగ్రహం నుంచి 2.8 సెంటీమీటర్లు దూరం జరిగితే దశ ఒక పూర్తి చుట్టు తిరుగుతుంది. ఆ చుట్టులో పదో వంతును గుర్తుపట్టినా మిల్లీమీటర్ల లెక్క దొరుకుతుంది. ఈ పద్ధతినే ఇన్‌సార్ అంటారు. 700 కిలోమీటర్ల మొత్తం దూరాన్ని మిల్లీమీటరు దాకా కొలవవలసిన అవసరం ఇందులో లేదు. రెండు తేదీల మధ్య ఆ దూరంలో వచ్చిన మార్పు తెలిస్తే చాలు.

అయితే ఒక జత చిత్రాలను నమ్మి ఏమీ చెప్పకూడదు. దారిలో ఉన్న నీటి ఆవిరి తరంగాన్ని ఆలస్యం చేస్తుంది. వర్షాకాలంలో గాలిలో తేమ మారినంత మాత్రాన, కదలని నేల కూడా కొన్ని సెంటీమీటర్లు కదిలినట్టు కనిపిస్తుంది. అందుకే పదుల సంఖ్యలో, వీలైతే వందకు పైగా చిత్రాలను వరుసగా పేర్చి, ఏళ్ల తరబడి నిలకడగా సాగే కదలికను రోజుకో తీరుగా మారే వాతావరణ ప్రభావం నుంచి వేరుచేస్తాము. భవనాల మూలలు, ఇనుప చట్రాలు, వంతెనల అంచులు వంటివి ప్రతి చిత్రంలోనూ ఒకే తీరుగా మెరుస్తాయి. వాటిని ఏరుకుని వాటి మీదే లెక్క కట్టే విధానాన్ని 2000 ప్రాంతంలో మిలాన్ పరిశోధకులు రూపొందించారు. ఇళ్లు కిక్కిరిసిన కపాషేరా వంటి చోట అలాంటి బిందువులకు కొదువ ఉండదు. నజఫ్‌గఢ్ వైపు పొలాల్లో మాత్రం పైరు పెరుగుతూ, కోతకు వస్తూ ఉండడం వల్ల పన్నెండు రోజుల్లోనే నేల రాడార్‌కు గుర్తుపట్టరానంతగా మారిపోతుంది. నగరం నడిబొడ్డు గురించి ఎక్కువగా, దాని చుట్టుపక్కల గురించి తక్కువగా తెలియడానికి ఇదొక ముఖ్య కారణం.

ఇక రెండు అంకెల సంగతి. ఇలాంటి తేడా చూసినప్పుడు ఏదో ఒకటి తప్పని వెంటనే అనుకోవద్దు. మొదట అవి ఏ కాలానికి చెందినవో చూడాలి, ఎందుకంటే తోడే నీటిని బట్టి కుంగుబాటు వేగం ఏటేటా మారుతుంది. తరువాత ఎంత విస్తీర్ణానికి సగటు తీశారో చూడాలి. ఒక వీధికి పరిమితమైన లోతైన గుంటను పెద్ద గడి సగటులో కలిపితే అది లోతు లేనట్టుగా కనిపిస్తుంది. మూడవది దిక్కు. ఉపగ్రహం ఏటవాలుగా చూస్తుంది కనుక, నేల నిలువుగా 10 మిల్లీమీటర్లు దిగితే దానికి కనిపించేది సుమారు 8 మిల్లీమీటర్లే. దాన్ని నిలువు లెక్కలోకి మార్చి ఇచ్చారా, చూసినది చూసినట్టే ఇచ్చారా అన్నది వ్యాసంలో వెతుక్కోవాలి. నాలుగవదాన్ని చాలామంది పట్టించుకోరు. ఇన్‌సార్ ఇచ్చే ప్రతి అంకె, కదలదని మనం నమ్మిన ఏదో ఒక చోటుతో పోల్చి చెప్పినదే. ఢిల్లీలో ఆరావళి కొనసాగింపుగా నిలిచిన రిడ్జ్‌లోని క్వార్ట్‌జైట్ రాయి అందుకు సహజమైన ఎంపిక. ఆధారంగా తీసుకున్న చోటే ఏడాదికి 5 మిల్లీమీటర్లు కుంగుతుంటే, నగరంలో నిశ్చలంగా ఉన్న చోట్లన్నీ 5 మిల్లీమీటర్లు పైకి లేస్తున్నట్టు కనిపిస్తాయి.

కాబట్టి ద్వారక గురించి చదివేటప్పుడు కూడా ఈ జాగ్రత్త అవసరం. ఆ అధ్యయనంలో ద్వారక మార్పును నేను నమ్ముతాను, ఎందుకంటే అదే ఆధారంతో, అవే చిత్రాలతో, దగ్గరలోనే ఉన్న కపాషేరా కుంగుతూనే ఉన్నట్టు తేలింది. ఆధారబిందువులో దోషముంటే రెండూ ఒకే వైపు మొగ్గి ఉండేవి.

పొలాల సమస్యకు కొంత పరిష్కారం మన తీరం నుంచే వెళ్లింది. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి జీఎస్ఎల్‌వీ-ఎఫ్16 రాకెట్ నైసార్ ఉపగ్రహాన్ని కక్ష్యలో ప్రవేశపెట్టింది. ఇస్రో, నాసా కలిసి నిర్మించిన ఈ ఉపగ్రహంలో రెండు రాడార్లు ఉన్నాయి. వాటిలో ఎల్-బ్యాండ్ తరంగం పొడవు సుమారు 24 సెంటీమీటర్లు. పొడవైన తరంగం ఆకులను దాటుకుని నేల దాకా వెళ్లగలదు కనుక, పైర్ల మధ్య కూడా పోలిక నిలుస్తుంది. ఢిల్లీ, గురుగ్రామ్, ఫరీదాబాద్‌ల మధ్య ఉన్న వ్యవసాయ భూములను నగరంతో కలిపి ఒకే పటంగా చూడడానికి ఇది చాలా అవసరం.

సెంటినెల్ చిత్రాలు ఎవరికైనా ఉచితంగా దొరుకుతాయి, వాటిని విశ్లేషించే ఉచిత సాఫ్ట్‌వేర్లూ ఉన్నాయి. అయినా అనుభవం లేకుండా మీ సముదాయం మీద పడిన ఒకటి రెండు బిందువులను చూసి నిర్ణయం తీసుకోవద్దని మనవి. ఆ బిందువు మీ భవనం పైకప్పు మీది నీళ్ల ట్యాంకు కావచ్చు, పక్క వీధిలోని దీపస్తంభం కావచ్చు. పేట మొత్తం ఎటు కదులుతోందో ఉపగ్రహం బాగా చెబుతుంది. మీ మెట్ల దగ్గర పగులు ఎందుకు వచ్చిందో అది చెప్పలేదు.


జవాబు: చెలమ (భూగర్భజల రంగంలో విశ్రాంత ఉద్యోగి)

కొలత సంగతి పైన చక్కగా వివరించారు. నేల ఎందుకు కుంగుతుంది, లేచిన నేల మళ్లీ ఎందుకు కుంగవచ్చు, మీ బోరు విషయంలో ఏమి చేయాలి అన్నవి నేను రాస్తాను. వృత్తిలో ఉన్నంత కాలం నేను అందరికీ చెప్పిన మాట ఒకటే: నేల కదలికను, నీటిమట్టాన్ని పక్కపక్కన పెట్టి చూడనిదే రెండింటిలో ఏదీ అర్థం కాదు.

ఢిల్లీలో రిడ్జ్‌ను మినహాయిస్తే చాలా భాగం కింద ఉన్నది ఒండ్రు నేల. ఇసుక పొరలు, వాటి మధ్య సిల్టు, బంకమన్ను పొరలు, అక్కడక్కడ సున్నపు గుండ్లు ఒకదాని మీద ఒకటి పేరుకుని ఉంటాయి. బోరు నీరు తోడేది ఇసుక నుంచి. అయితే కుంగేది ప్రధానంగా బంకమన్ను. పైనున్న మట్టి బరువును కింది పొరలో మట్టి రేణువులు కొంత, రేణువుల మధ్య ఒత్తిడితో ఉన్న నీరు కొంత మోస్తాయి. ఈ సూత్రాన్ని 1920లలో కార్ల్ టెర్జాగీ స్థాపించారు. నీటిని తోడితే నీరు మోసే వాటా తగ్గి, ఆ భారం రేణువుల మీద పడుతుంది. ఒత్తిడి కింద బంధించి ఉన్న పొరలో నీటిమట్టం ఒక మీటరు దిగితే, చదరపు మీటరుకు సుమారు ఒక టన్ను భారం రేణువులకు అదనంగా బదిలీ అవుతుంది. మామూలు అపార్టుమెంటులో ఒక్కో అంతస్తు చదరపు మీటరుకు ఉజ్జాయింపుగా ఒక టన్ను బరువు మోపుతుందని ఇంజనీర్లు లెక్కేస్తారు. అంటే నీటిమట్టం 20 మీటర్లు పడిపోవడమంటే, ఆ పేట కింది బంకమన్ను మీద ఇంచుమించు ఇరవై అంతస్తుల బరువును కిలోమీటర్ల కొద్దీ పరిచినట్టు. నేల కుంగడంలో ఆశ్చర్యం లేదు.

ఇసుక నలిగితే భారం తగ్గినప్పుడు దాదాపుగా తేరుకుంటుంది. బంకమన్ను అలా కాదు. దాని రేణువులు పలుచని పలకలు. గతంలో ఎన్నడూ మోయనంత భారం పడినప్పుడు అవి సర్దుకుని ఒకదాని మీద ఒకటి పడుకుంటాయి. దూది పరుపు ఏళ్ల తరబడి నలిగిపోయాక ఎండలో వేస్తే కొద్దిగా పొంగుతుందే కాని మునుపటి మందం రాదు. ద్వారకలో నేల లేవడాన్ని నేను ఇలాగే అర్థం చేసుకుంటాను: నీటి ఒత్తిడి తిరిగి వచ్చింది, నలిగినదాంట్లో సాగే గుణం ఉన్న భాగం మాత్రం తేరుకుంది, మిగిలినది శాశ్వతంగా పోయింది. ఆ మేరకు నీరు నిలవ ఉండే చోటూ పోయింది.

దీనికి టోక్యో కంటే మంచి ఉదాహరణ లేదు. అక్కడి కోటో ప్రాంతంలో నేల ఇరవయ్యో శతాబ్దంలో సుమారు 4.5 మీటర్లు కుంగింది. 1956లో పరిశ్రమల భూగర్భజల వాడకం మీద, 1962లో భవనాల వాడకం మీద చట్టాలు తెచ్చి, ప్రత్యామ్నాయంగా నది నీటిని అందించారు. 1970లలో కుంగుబాటు దాదాపుగా నిలిచిపోయింది. భూగర్భంలో నీటిమట్టాలు పదుల మీటర్లు కోలుకున్నాయి. అయినా నేల తిరిగి లేచింది సెంటీమీటర్లలోనే. ఆ ప్రాంతంలో చాలా భాగం నేటికీ సముద్రమట్టానికి దిగువన, కరకట్టల రక్షణలో బతుకుతోంది. అక్కడ ఈ సంగతి ఇంత కచ్చితంగా తెలియడానికి కారణం, లోతైన పరిశీలక బావుల్లో నీటిమట్టాన్నీ, నేల పొరల కుదింపునూ ఒకే చోట, దశాబ్దాల పాటు, ఆపకుండా నమోదు చేయడమే. బావి అడుగున గట్టి పొరలో ఒక ఇనుప గొట్టాన్ని నిలబెడతారు. చుట్టూ నేల కుంగితే గొట్టం పైభాగం నేలకంటే ఎత్తుగా తేలుతుంది, ఆ తేడాను కొలుస్తారు. ఏ లోతులోని పొర నలుగుతోందో ఇలాంటి సాధనమే చెప్పగలదు. ఉపగ్రహానికి అది కనిపించదు.

మీ సభ్యుల వాదనకు నా జవాబు స్పష్టంగానే ఉంది. నేల లేస్తోంది కనుక బోరు తెరవవచ్చని అనడం, మందు వేసుకుంటే జ్వరం తగ్గింది కనుక మందు మానేద్దామని అనడం వంటిది. ఒక్క సముదాయం తోడితే ద్వారక కుంగదు, నిజమే. కాని ఒక్క సముదాయానికి ఇచ్చిన అనుమతి ఆ ఒక్కదానితో ఆగదు. పైగా నైరుతి ఢిల్లీలో లోతుకు పోయేకొద్దీ ఉప్పునీరు ఉంది. గట్టిగా తోడితే అది పైకి ఎగబాకి, మంచినీటి పొరను చెడగొడుతుంది. ఆ తరువాత ట్యాంకరు తప్ప గత్యంతరం ఉండదు.

మీ బోరును తెరవమనే నేనూ చెబుతాను, కాని నీళ్లు తోడడానికి కాదు. సంబంధిత అధికారులకు తెలియజేసి, దాన్ని పరిశీలక బావిగా మార్చండి. మోటారు, పైపులు తీసేసి, మూతకు తాళం వేసి, నెలకొకసారి ఒకే తేదీన టేపుతో నీటిమట్టం కొలిచి పుస్తకంలో రాయండి. కేంద్ర భూగర్భజల మండలి దేశమంతటా తన పరిశీలక బావుల్లో ఏడాదికి నాలుగుసార్లు మట్టం కొలుస్తుంది. దగ్గరలోని బావి లెక్కలతో మీవి పోల్చుకోవచ్చు. మీ ఇంకుడు గుంతలు నిజంగా పనిచేస్తున్నాయా, పూడిపోయాయా అన్నది కూడా ఆగస్టు, నవంబరు మట్టాలు చూస్తే తెలిసిపోతుంది. ఇంత చౌకగా, ఇంత విలువైన సమాచారం ఇచ్చే సాధనం మరొకటి లేదు. మూసిన బోర్లున్న ప్రతి సముదాయం ఇలా చేస్తే ద్వారకకు ఒక అపురూపమైన పరిశీలక వ్యవస్థ ఏర్పడుతుందని నాకు ఎప్పటి నుంచో ఆశ.

హైదరాబాద్ సంగతి వేరు. అక్కడ కింద ఉన్నది గ్రానైటు. పైన కొద్ది మీటర్ల లోతు వరకు శిథిలమైన రాయి, దాని కింద పగుళ్లున్న గట్టి రాయి ఉంటాయి. వెయ్యి అడుగుల బోరులో నీరు ఆ పగుళ్లలోనిది. అది ఎండిపోయినా పైబరువును రాయే మోస్తుంది కనుక నేల ఈ విధంగా కుంగదు. పూడ్చిన చెరువుల మీద కట్టిన ఇళ్లు కుంగడం నిండా గట్టిపడని పూడిక మట్టి వల్ల. ఆలోచించవలసింది మీ ఏలూరు వైపు. కృష్ణా, గోదావరి డెల్టాల కింద మందమైన ఒండ్రు, బంకమన్ను ఉన్నాయి, సముద్రం పక్కనే ఉంది. అక్కడ కొన్ని సెంటీమీటర్ల కుంగుబాటుకు కూడా ఉప్పునీటి రూపంలో మూల్యం చెల్లించవలసి వస్తుంది.


కొల్లేటి గాలి (ప్రశ్న అడిగినవారు)

ఇద్దరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. చెలమ గారి జవాబును హిందీలోకి మార్చి నిన్నటి సమావేశంలో చదివి వినిపించాను. బోరును పరిశీలక బావిగా మార్చాలన్న సూచనకు ఎదురు చెప్పినవారు లేరు. ట్యాంకర్ల ఖర్చు సమస్య అలాగే ఉంది, దానికి ఇళ్లలో వాడిన నీటిని శుద్ధి చేసి తోటకు, మరుగుదొడ్లకు మళ్లించే ఏర్పాటు గురించి విడిగా ఆలోచిస్తున్నాము. ఇక మిగిలింది పగుళ్లు. ఒక సంస్థ వారు వచ్చి చూసి, కొలత ఏదీ తీయకుండానే "నేల కుంగుతోంది, పునాదులు బలపరచాలి" అని పెద్ద మొత్తానికి అంచనా ఇచ్చి వెళ్లారు. మేమే కొలవగలిగే మార్గం ఉంటే దయచేసి చెప్పండి.


జవాబు: తూకపు గీత (విశ్రాంత మైన్స్ సర్వేయర్)

అమ్మా, లేక అయ్యా, ఎవరైనా సరే, ఆ అంచనా మీద సంతకం పెట్టే ముందు కనీసం ఒక ఏడాది కొలవండి. గోదావరి లోయలోని బొగ్గు గనుల్లో ముప్పై ఏళ్లు సర్వే విభాగంలో పనిచేశాను. బొగ్గు తీశాక పైకప్పు కూలినప్పుడు ఉపరితలం ఎంత కుంగుతుందో కొలవడం నా ఉద్యోగంలో భాగం. కారణం మీ దానికి భిన్నం, కొలిచే పద్ధతి మాత్రం ఒకటే.

ముందుగా ఒక లెక్క. భవనాన్ని దెబ్బతీసేది కుంగుబాటు మొత్తం కాదు, ఒక స్తంభానికీ పక్క స్తంభానికీ మధ్య వచ్చే తేడా. ఆ తేడాను స్తంభాల మధ్య దూరంతో భాగిస్తే వచ్చేది మూడు వందల్లో ఒక వంతుకు చేరితే ఇటుక గోడల్లో పగుళ్లు మొదలవుతాయని, నూట యాభైలో ఒక వంతుకు చేరితే భవన నిర్మాణానికే ముప్పని 1950ల నుంచి ఇంజనీర్లు పాటిస్తున్న కొలమానం. ఆరు మీటర్ల దూరంలో ఉన్న స్తంభాల మధ్య 20 మిల్లీమీటర్ల తేడా వస్తే మొదటి హద్దు చేరినట్టు. ఇప్పుడు ఒక ఊహ చేద్దాము. కిలోమీటరు దూరంలో నేల 11 సెంటీమీటర్లు వాలితే, ఆరు మీటర్లకు వచ్చే తేడా ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. విశాలమైన పళ్లెంలా కుంగే చోట ఇళ్లు పగలకుండానే ఏళ్లు గడవవచ్చు. కుంగేదానికీ కుంగనిదానికీ మధ్య అంచులో, బంకమన్ను మందం ఒక్కసారిగా మారే చోట, పూడిక నేల మొదలయ్యే చోట ఇళ్లు పగులుతాయి. ద్వారకలో మీ ఒక్క ప్రహరీ, ఒక్క మెట్ల దగ్గర పగులు వచ్చిందంటే నేను మొదట అనుమానించేది కారుతున్న పైపునో, సరిగా దిమ్మిస కొట్టని పూడిక మట్టినో, ప్రహరీ పక్కనున్న చెట్టు వేళ్లనో. ఇంకుడు గుంత పునాదికి మరీ దగ్గరగా ఉందేమో కూడా చూడండి.

కొలిచే పద్ధతి ఇది. ప్రతి బ్లాకుకు నాలుగు మూలల స్తంభాలకూ, పగులుకు రెండు వైపులా, నేలకు అర మీటరు ఎత్తులో తుప్పు పట్టని గుండ్రని తల ఉన్న మేకులు బిగించండి. పూత మీద కాదు, కాంక్రీటులోకి దిగాలి. అనుభవమున్న సర్వేయరును డిజిటల్ లెవెల్ (ఎత్తుల తేడాను చూసే పరికరం), బార్‌కోడ్ స్టాఫ్ (నిలువుగా పట్టుకునే కొలకర్ర)తో రమ్మనండి. ఒక మేకు దగ్గర మొదలుపెట్టి అన్నీ చుట్టి తిరిగి అదే మేకు దగ్గర ముగించాలి. మొదలు, ముగింపుల తేడా ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించితే ఆ చుట్టు కొట్టేసి మళ్లీ చేయాలి. పరికరం వెనుక స్టాఫ్‌కూ ముందు స్టాఫ్‌కూ దూరం సమానంగా ఉంటే పరికరంలోని చూపు దోషం రద్దవుతుంది. ఎండ ఎక్కితే నేల నుంచి లేచే వేడిగాలి చూపును వణికిస్తుంది కనుక ఉదయాన్నే ముగించండి. వానలకు ముందు ఒకసారి, వానలు వెళ్లాక ఒకసారి, ప్రతి ఏడాదీ అవే నెలల్లో చేయాలి. ఒక్క కొలత వల్ల ఏమీ తెలియదు. మూడో కొలతకు నేల ఎటు పోతోందో తెలుస్తుంది. పగులు దగ్గర మాత్రం నెలకొకసారి, దానికి చెరోవైపున గీసిన రెండు గీతల మధ్య దూరాన్ని వెర్నియర్ కాలిపర్‌తో కొలిచి, తేదీ రాసి ఉంచండి. వానాకాలంలో మూసుకుని ఎండాకాలంలో తెరుచుకునే పగులు ఒక కథ చెబుతుంది, ఆగకుండా ఒకే వైపు పెరిగే పగులు మరో కథ చెబుతుంది.

పైన రాడార్ నీడ గారు ఆధారబిందువు గురించి రాసినది చదివినప్పుడు నా తొలి ఉద్యోగపు రోజులు గుర్తొచ్చాయి. ఒక గనిలో తవ్వకం సాగుతున్న ప్యానెల్‌కు (గనిలో ఒక విడతగా తవ్వే భాగానికి) పైన నేల మీద స్తంభాలు పాతి, ఆరు నెలలు కొలిచి, అంచులో ఉన్నవేవీ కుంగలేదని నివేదిక రాశాను. నేను ఆధారంగా తీసుకున్న బెంచ్ మార్కు ప్యానెల్‌కు బయటే ఉంది, నేను నిశ్చింతగా ఉన్నాను. కాని కుంగుబాటు తవ్విన చోటుకు నేరుగా పైనే ఆగదు, పక్కలకు కూడా వ్యాపిస్తుంది. నా బెంచ్ మార్కు కూడా ఆ అంచు స్తంభాలతో పాటే దిగిపోతోందని, దూరంగా రాతి మీద ఉన్న మరో గుర్తు నుంచి లెవెల్ తెచ్చినప్పుడు గాని తెలియలేదు. ఆ అంచులో రెండు ఇళ్లున్నాయి. సమయానికి తెలిసింది కనుక వారిని ముందే తరలించగలిగాము. ఆ నివేదికను తలచుకుంటే నాకు ఈనాటికీ మనసు కలుక్కుమంటుంది.

అందుచేత మీ చుట్టు లెవెల్ వల్ల మీ సముదాయంలో ఒక మూల మరో మూలకంటే దిగుతోందా అన్నది మాత్రమే తెలుస్తుందని గుర్తుంచుకోండి. సముదాయం మొత్తం ద్వారకతో కలిసి దిగితే మీ మేకులన్నీ కలిసి దిగుతాయి, మీ పుస్తకంలో మార్పు కనిపించదు. ఆ ప్రశ్నకు ఉపగ్రహ పటం ఉంది, భారత సర్వేక్షణ శాఖ దేశమంతటా వెయ్యికి పైగా నెలకొల్పిన నిరంతర ఉపగ్రహ స్థాననిర్ణయ కేంద్రాలు ఉన్నాయి. మీ పగుళ్లకు మాత్రం మీ మేకులే సాక్ష్యం. ఇంకొక మాట: మేకు ఎక్కడుందో ఫొటో, మూడు దిక్కుల నుంచి దూరాలు రాసి ఉంచండి. రంగులు వేసేటప్పుడో, టైల్స్ మార్చేటప్పుడో పనివాళ్లు తెలియక పీకేస్తారు. అలా పోయిన మేకుతో పాటు అంతకు ముందు ఏళ్ల కొలతలూ పోతాయి.


కొల్లేటి గాలి (ప్రశ్న అడిగినవారు)

గురువు గారూ, మీ జవాబు చదివాక వెనుక బ్లాకు చుట్టూ ఒకసారి తిరిగి చూశాను. పగులు వచ్చిన మెట్లకు మూడు మీటర్ల లోపే మా ఇంకుడు గుంత ఉంది. పోయిన వర్షాకాలంలో దాని వడపోత గులకరాయి పూడిపోయి, నీరు రోజుల తరబడి అంచులకు నిలిచిందని కాపలాదారు చెప్పాడు. ఇదే కారణమని ఇప్పుడే అనను. గుంతను శుభ్రం చేయించి, దాని పొంగు నీటిని పునాదికి దూరంగా మళ్లించే పని ఈ వారమే మొదలవుతోంది. అంచనా ఇచ్చిన సంస్థకు ఏడాది ఆగుతామని రాశాము.

మొత్తం ఇరవై రెండు మేకులకు చోట్లు గుర్తించాను. ఒక సందేహం: వెనుక బ్లాకు ఒక మూల స్తంభానికి గ్రానైటు పలకలు అతికించి ఉన్నాయి. పలకకు రంధ్రం చేసి లోపలి కాంక్రీటుకు మేకు దించవచ్చా, లేక పక్క స్తంభాన్ని ఎంచుకోమంటారా? వచ్చే ఆదివారం ఉదయం ఆరున్నరకు సర్వేయరు వస్తున్నారు.


జవాబు: తూకపు గీత

పక్క స్తంభం వద్దు, మూలే కావాలి. వాలు తెలిసేది మూలల్లోనే. పలకలో మేకు కంటే పెద్ద రంధ్రం చేయించి, మేకు పలకకు ఎక్కడా తగలకుండా కాంక్రీటులో కనీసం రెండు మూడు అంగుళాలు దింపించండి. పలక తరువాత ఊడినా మేకు నిలవాలి. ఆదివారం మొదటి చుట్టు లెక్కల కాగితం ఇక్కడ పెట్టండి, ముగింపు తేడా ఎంత వచ్చిందో చూసి చెబుతాను.